రెంటు, టాక్సు: ఒక పాత తగవు



ఇంగ్లీషు భాషనుండి మన యూళ్లలోనికి వచ్చి స్థిరపడిన మాటలు పెక్కు గలవు. వానిలో రెండింటిని గూర్చి నేడు ముచ్చటింప దలచితిని. ఒకటి ‘రెంటు’, రెండవది ‘టాక్సు’. ఈ రెండును చుట్టరికము గల మాటలే. రెండింటియందును ఒకడు ఇచ్చును, ఒకడు పుచ్చుకొనును. రెండింటికిని గడువు గలదు, రశీదు గలదు, బాకీ గలదు. ఇచ్చువాని చేతికి రెండును ఒకటే బరువు. అయినను ఈ రెండు మాటలకు నడుమ నున్న భేదమును బట్టియే మన దేశమున కోట్లకొలది యెకరముల నేల యెవరిదన్న ప్రశ్న నూటయేబది సంవత్సరములు నలిగినది. అందువలన ఇది నిఘంటువునకు మాత్రమే సంబంధించిన ముచ్చట గాదు. మీ పొలముగట్టునకు సంబంధించినది కూడ.

ముందుగా తెలిసిన యుదాహరణమునే తీసికొందము. పట్టణమున ఒకరి యింట కాపురమున్నవాడు నెలనెలయు ఇంటి యజమానికి అద్దె చెల్లించును. ఆ యజమానియే సంవత్సరమున కొకమారు పురపాలక సంఘమునకు ఇంటిపన్ను చెల్లించును. ఇల్లొక్కటే, ఆ యింటి నిమిత్తమై చెల్లింపులు రెండు. మొదటిది రెంటు, రెండవది టాక్సు. అద్దె యిచ్చువాడు ‘ఈ యిల్లు నాది గాదు’ అని యొప్పుకొనుచు ఇచ్చుచున్నాడు. పన్ను చెల్లించువాడు ‘ఈ యిల్లు నాది’ అని చూపుకొనుచు చెల్లించుచున్నాడు. పన్ను రశీదును మనవారు పెట్టె యడుగున భద్రముగా దాచుట ఇందులకే గదా! ఒకే విధమైన రూకలు ఒక చేతినుండి వెడలినప్పుడు యాజమాన్యము లేదనుటకు సాక్ష్యమగుచున్నవి. వేరొక చేతినుండి వెడలినప్పుడు యాజమాన్యము గలదనుటకు సాక్ష్యమగుచున్నవి.

ఈ మాటల పుట్టుకయు ఈ భేదమునే సూచించుచున్నది. రెంటు అను మాట ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. దాని మూలము లాటిను భాషయందు ‘తిరిగి యిచ్చుట’ యను నర్థము గల క్రియ. ఒకరి సొత్తు ననుభవించినందులకు వారికి మరల ముట్టజెప్పునది రెంటు. టాక్సు అను మాటకును మూలము లాటినే. దాని మొదటి యర్థము ముట్టి చూచుట, విలువ కట్టుట. పైయధికారి యొకడు వచ్చి, ఆస్తిని చూచి, ఇంత యని నిర్ణయించునది టాక్సు. పనిగా నొప్పగించు వంతునకు ఇంగ్లీషువారు వాడు ‘టాస్కు’ అను మాట దీనికి తోబుట్టువు. ఇక ‘రెవెన్యూ’ యను మూడవ మాట గలదు. దాని మూలార్థము తిరిగివచ్చునది, అనగా రాబడి. పుచ్చుకొనువాని ఖజానాకు వచ్చిపడిన తరువాత అది రెంటుగా వచ్చినదా టాక్సుగా వచ్చినదా యని రెవెన్యూ యను మాట విచారింపదు. ఇట్లు రెండింటిని కప్పి యుంచు మాట యగుటచేతనే కాబోలు కంపెనీ ప్రభుత్వమునకు అది మిక్కిలి అనుకూలించినది.

ఈ రెండింటిని వేరుపరచుటకు మూడు పరీక్షలు గలవు. మొదటిది: మొత్తమును నిర్ణయించున దెవరు? రెంటును ఇరువురు కూర్చుండి ఒడంబడికచే నిర్ణయించుకొందురు. టాక్సును శాసనము నిర్ణయించును. చెల్లించువాని యిష్టముతో దానికి పనిలేదు. రెండవది: చెల్లింపనిచో నేమగును? రెంటు చెల్లింపనివానిని యజమాని ఖాళీ చేయించును, అంతటితో వానికిని ఆ నేలకును సంబంధము తీరిపోవును. టాక్సు చెల్లింపనివాని యాస్తిని ప్రభుత్వము వేలము వేయును. బాకీ పోగా మిగిలిన సొమ్మును వానికే యిచ్చివేయవలెను, ఏలయన ఆస్తి వానిది. మూడవది: చెల్లించిన తరువాత ఇచ్చినవానికి మిగులున దేమి? రెంటు చెల్లించువానికి ఆ సంవత్సరపు అనుభవము మిగులును. టాక్సు చెల్లించువానికి అమ్ముకొను హక్కు, తాకట్టు పెట్టు హక్కు, బిడ్డల కిచ్చు హక్కు మిగులును. ఈ మూడింటిని మనస్సున నుంచుకొనినచో ముందు రాబోవు చరిత్ర యంతయు తేటపడును.

మన ప్రాచీనులు ఈ భేదము నెరుగరని తలపరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు రాష్ట్రమునుండి వచ్చు ఆదాయములను వింగడించుచో ‘సీత’ యనియు ‘భాగ’ మనియు రెండు పేర్లు వేరువేరుగా పేర్కొనబడినవి. రాజు తన సొంత భూమిని సీతాధ్యక్షునిచే సాగు చేయించగా వచ్చునది సీత. ప్రజలు తమ పొలములపైన చెల్లించునది భాగము. రాజు సొంతభూమిని తన విత్తనముతో సాగుచేయువాడు సగము పాలు పుచ్చుకొనెడివాడు. ఒంటి కష్టమునే పెట్టువానికి నాలుగవ పాలో ఐదవ పాలో దక్కెడిది. ప్రజలు తమ పొలములపై నిచ్చు భాగమైననో సామాన్యముగా ఆరవ పాలు. నేటి మాటలలో చెప్పవలెనన్న సీత రెంటు, భాగము టాక్సు. పేర్లలోనే గాక పాళ్లలో గూడ ఎంత దూరమున్నదో చూడుడు. అయితే అర్థశాస్త్రపు వ్రాతప్రతి మైసూరులో దొరకి, శామశాస్త్రిగారిచే 1909లో అచ్చుపడినది. అంతకు నూరేండ్లకు పూర్వము మన భూముల తగవు తీర్చ బూనిన తెల్లదొరల కీ గ్రంథము కనబడలేదు.

మీమాంసకులు మరియొక మార్గమున ఇచ్చటికే వచ్చిరి. విశ్వజిత్తను యాగమున యజమానుడు తనకు గల సర్వస్వమును దానము చేయవలెను. అట్టి యాగమును రాజు చేసినచో భూమండలమును గూడ దానము చేయవచ్చునా యని జైమిని ప్రశ్న వేసి, చేయరాదని సమాధానము చెప్పెను. భూమి యందరికిని సమానమైనది కావున రాజునకు దానిపై నట్టి స్వత్వము లేదని హేతువు. విజయనగర రాజ్యము నెలకొన్న కాలమువాడైన మాధవాచార్యుడు తన జైమినీయ న్యాయమాలావిస్తరమున దీనినే వివరించుచు, దుష్టులను శిక్షించుట, శిష్టులను రక్షించుట యనునదియే రాజత్వమనియు, దానివలన భూమి రాజు సొత్తు కాదనియు తేల్చెను. వ్యవహారమయూఖమును రచించిన నీలకంఠభట్టు పదునేడవ శతాబ్దిలో ఇంకను ముందునకు వెళ్లి, ఒక రాజ్యమును జయించిన రాజునకు ఓడిన రాజు సొంత యిండ్లు, పొలములు దక్కునే గాని, ప్రజల భూములపై పన్ను గ్రహించు హక్కు మాత్రమే దక్కుననియు, భూమిపై స్వామ్యము దక్కదనియు వ్రాసెను. బౌధాయనుడైతే ఆరవ పాలును రాజునకు ప్రజ లిచ్చు జీతముగానే యెంచెను. కాపలా కాచినందులకు జీతము పుచ్చుకొనువాడు పొలము నాదే యనుట యెట్లు పొసగును?

రెండవ పక్షమును గూడ చెప్పకుండుట న్యాయము గాదు. మనుస్మృతిలో ఒకచోట భూమిలో దొరకిన నిధియందు రాజునకు సగము చెందుననుచు, అందులకు రాజు భూమికి అధిపతి యగుటను హేతువుగా చెప్పినారు. మరియొకచోట చెట్టు చేమ నరికి మోళ్లు పెరికి పొలము చేసినవానిదే ఆ పొలమని చెప్పినారు. ఒకే స్మృతినుండి ఉభయవాదులును తమ తమ సాక్ష్యములను ఎత్తి చూపుకొనిరి. అధిపతి యన్నచో యజమానుడా, పాలకుడా యన్నదే చిక్కు. ఆ చిక్కు సంస్కృతములో నుండగా పండితుల చర్చగా నుండెను. ఇంగ్లీషులోనికి వెళ్లగానే రైతు నెత్తిమీదికి వచ్చెను.

మన తెలుగు మాటల సంగతి కూడ చూతము. పన్ను, అరి, సుంకము, కప్పము, కానుక యనునవి పాలకున కిచ్చునవి. అద్దె, బాడిగ, కౌలు, గుత్త, మక్తా యనునవి సొత్తుగలవాని కిచ్చునవి. పంటను పంచుకొనునప్పు డిచ్చునది పాలు, కోరు. ఇన్ని మాటలు గల భాషలో ‘శిస్తు’ అను మాట యొక్కటి యిరువైపులను నిలిచినది. సర్కారునకు చెల్లించినదియు శిస్తే, జమీందారునకు చెల్లించినదియు శిస్తే, కొన్ని తావుల భూస్వామికి కౌలుదారు చెల్లించినదియు శిస్తే. కరణముగారు లెక్కలో శిస్తని వ్రాసినప్పుడు కలెక్టరుగారి దుబాసీ దానిని రెంటనియు అనువదింపవచ్చును, టాక్సనియు అనువదింపవచ్చును. చిక్కునకు సగము కారణ మిచ్చట నున్నది.

ఇక ఇంగ్లీషువారి సంగతి. వారి దేశమున ఆ కాలమందు భూమికి సంబంధించి మూడు మెట్లు గలవు: నేల కధిపతియైన భూస్వామి, అతనికి రెంటు చెల్లించి సాగుచేయు కౌలుదారు, కౌలుదారు క్రింద పనిచేయు కూలివాడు. భూస్వామి తన రాబడినుండి ప్రభుత్వమునకు లాండుటాక్సు చెల్లించెడివాడు. ఆ లాండుటాక్సును 1798లో పిట్టు మంత్రి శాశ్వతముగా పవునునకు నాలుగు షిల్లింగుల చొప్పున స్థిరపరచెను. అదియు నూరేండ్లనాటి పాత విలువలను బట్టి. కావున వారి దృష్టిలో రెంటు పెద్దది, టాక్సు చిన్నది. పుచ్చుకొను చేతులు వేరు. మన దేశమునకు వచ్చి చూడగా ఒకే చెల్లింపు కానవచ్చెను. అది చిన్నది గాదు, పంటలో మూడవ పాలో సగమో. పుచ్చుకొనువాడు ప్రభుత్వమువాడు. ఇది రెంటా, టాక్సా? అంత పెద్దది గనుక రెంటని కొందరు, ప్రభుత్వము పుచ్చుకొనుచున్నది గనుక టాక్సని కొందరు.

రెంటను పక్షమునకు ఒక పాత యాధారము కూడ వారికి దొరకెను. ఔరంగజేబు కాలమున ఈ దేశమున నుండిన బెర్నియే యను ఫ్రెంచి వైద్యుడు, మొగలు రాజ్యమున నేల యంతయు పాదుషాదే యనియు, ప్రజలకు సొంత భూమి లేదనియు వ్రాసియుండెను. కంపెనీవారికి ఇది తియ్యని మాట. పాదుషా స్థానమున తాము వచ్చితిమి కావున పాదుషా సొత్తు తమ సొత్తే యగును. 1765లో ఉత్తర సర్కారులకు ఫర్మానా లభించెను. గుంటూరు సీమ 1788లో వారి చేతికి వచ్చెను. దత్తమండలములు 1800లో నిజాముచే నీయబడెను. ఇట్లు తెలుగుసీమలో పెద్ద భాగము వారిదైన పిమ్మట, ఈ మాటల తగవు మన గుమ్మములోనికి వచ్చెను.

మొదటి తీర్పు జమీందారునకు అనుకూలముగా వచ్చినది. కారన్‌వాలిసు 1793లో బంగాళములో చేసిన శాశ్వత పైసలా పద్ధతిని చెన్నపురి ప్రభుత్వము 1802వ సంవత్సరపు ఇరువదియైదవ రెగ్యులేషనుచే ఇచ్చటకు తెచ్చెను. జమీందారులకు మిల్కియతు ఇస్తిమ్రారు సన్నదు లిచ్చి, భూమిపై వారికి స్వామ్యము గలదని చాటి, ఏటేట మారని పేష్కషును నిర్ణయించిరి. దీనితో వారి దేశపు మూడు మెట్లు ఇచ్చటను ఏర్పడినవి. జమీందారు ప్రభుత్వమునకు చెల్లించు పేష్కషు టాక్సు వంటిదైనది. రైతు జమీందారున కిచ్చునది రెంటైనది. తాతముత్తాతలనాటినుండి పొలము దున్నుకొనుచున్న కాపు ఒక్క కాగితముతో ఇంగ్లండులోని కౌలుదారునికి సాటివాడైనాడు. అతని పొలము కదలలేదు, నాగలి మారలేదు; అతడిచ్చుదాని పేరు మారినది. ఇది యన్యాయమని ప్రభుత్వమునకే తోచి, 1802నాటి శాసనములు రైతులకు ముందునుండి యున్న హక్కులను తగ్గించుటకు ఉద్దేశింపబడినవి కావని 1822లో నాలుగవ రెగ్యులేషను చేసిరి. కాని కాగితముపై నెక్కిన మాట కాగితముతో దిగదు.

దత్తమండలములలో 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన తామసు మన్రో వేరొక మార్గమును త్రొక్కెను. ఆయన రైతువారీ పద్ధతిని పట్టుబట్టినవాడు. పొలములను కొలిపించి, తరములు కట్టించి, ఏ రైతున కారైతుతో నేరుగా లెక్క చూచెను. ఆయన వేయించిన శిస్తు మొత్తపు పంటలో సుమారు నూటికి నలుబదియైదు పాళ్లు. ఇంత చెల్లించిన పిమ్మట రైతునకు దున్నిన కూలి తప్ప మిగులదు. మిగులని భూమి నెవ్వడును కొనడు. కొనువాడు లేని భూమిపై సొంతమన్న మాటకు అర్థము లేదు. ఈ సంగతిని మన్రో బాగుగ గుర్తించెను. 1807లో వెడలిపోవుటకు ముందు శిస్తును నాలుగవ వంతు తగ్గింపవలసినదని వ్రాసెను. నలుబదియైదులో నాలుగవ వంతు తీయగా ముప్పదిమూడు చిల్లర, అనగా పంటలో మూడవ పాలు. అప్పుడు రైతునకు కూలికి పైన కొంత మిగులును. మిగులునది భూమి విలువగా మారును. భూమిని అమ్మవచ్చును, కొనవచ్చును. ఆయన గవర్నరై 1820లో తిరిగివచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. ఆయన 1827లో పత్తికొండలో మరణించెను.

మన్రో చేసిన ఈ లెక్కలో మన విషయమునకు కావలసిన తత్త్వమంతయు గలదు. ప్రభుత్వము భూమి మిగులునంతయు పుచ్చుకొనినచో, దానికి ఏ పేరు పెట్టినను అది రెంటే. రైతు పేరునకు పట్టాదారు, నిజమునకు కౌలుదారు. కొంత విడిచిపెట్టినచో, విడిచిపెట్టినంత మేర అది టాక్సగును, రైతు యజమాని యగును. పేరును నిర్ణయించునది నిఘంటువు గాదు, మిగులు.

ఇంతలో లండనులో రెంటు అను మాటకు క్రొత్త యర్థమొకటి పుట్టెను. రికార్డో యను అర్థశాస్త్రవేత్త 1817లో ప్రకటించిన గ్రంథమున రెంటునకు శాస్త్రీయమైన నిర్వచనము చెప్పెను. మిక్కిలి చవుడు నేలలో ఖర్చులు పోగా ఏమియు మిగులదు. మంచి నేలలో అదే ఖర్చునకు ఎక్కువ పండును. ఆ హెచ్చు పంటయే రెంటు. ఇది కష్టమునకు ఫలము గాదు, నేల మంచితనమునకు ఫలము. ఆయన మిత్రుడైన జేమ్సు మిల్లు అదే సంవత్సరమున హిందూదేశ చరిత్రను ప్రకటించి, 1819లో కంపెనీ కచ్చేరిలో కొలువునకు చేరెను. నేల ప్రభుత్వముది గనుక ఈ రెంటును పుచ్చుకొనుట ప్రభుత్వము హక్కనియు, పుచ్చుకొనినను దున్నువానికి నష్టము లేదనియు ఆయన వాదము. మాట వినుటకు చక్కగా నున్నది. కాని ఏ పొలమునకు ఖర్చెంత, మిగులెంత యని లెక్కించువా రెవరు? బొంబాయి దక్కనులో ప్రింగిలు దొర ఆ విధముగా నికరాదాయము లెక్కగట్టి అందులో నూటికి యేబదియైదు పాళ్లు శిస్తుగా వేయ బోయెను. లెక్కలు తప్పినవి, శిస్తు మోయలేనిదైనది. 1835 ప్రాంతమున గోల్డుస్మిడ్డు, వింగేటు అనువారు మరల మొదటినుండి సర్వే చేయవలసివచ్చెను.

దొరలందరు ఒకే మాట మీద నుండిరనుటయు తప్పు. మైసూరులో రెసిడెంటుగా నుండిన మార్కు విల్క్సు 1810లో ప్రకటించిన దక్షిణదేశ చరిత్రమున స్మృతులను, శాసనములను పరిశీలించి, ఈ దేశమున ప్రజలకు సొంత భూమి గలదని స్థాపించెను. తెలుగు మొదలగు దక్షిణదేశ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావని 1816లో మొదట నిరూపించిన ఎల్లిసు దొర చెన్నపట్టణమున కలెక్టరు. ఆయనయే మిరాసీ హక్కును గూర్చి వ్రాసి, కాపుల స్వామ్యమును సమర్థించెను. దేశభాషలు నేర్చి, పండితుల నడిగి, రాతిశాసనము చదివినవారు ప్రాయికముగా టాక్సను పక్షమునకు వచ్చిరి. సముద్రమునకు ఆవలనుండి సిద్ధాంతము చేసినవారు రెంటను పక్షమున నుండిరి. ఇది గమనింపదగిన విషయము.

చెన్నపురి రాజధానిలో 1864 మొదలు నికరాదాయమున సగము శిస్తుగా నిర్ణయించు పద్ధతి యేర్పడినది. ఒక యెకరమున నూరు రూపాయల పంట పండెననుకొందము. సాగు ఖర్చులకు అరువది పోగా నలుబది మిగులును. అందులో ఇరువది సర్కారునకు, ఇరువది రైతునకు. ముప్పదేండ్ల కొకమారు తిరిగి లెక్క. ఆ సంవత్సరమందే రెవెన్యూ వసూలు చట్టమును పుట్టినది. బాకీపడిన రైతు భూమిని వేలము వేసి, బాకీయు ఖర్చులును పోగా మిగిలినది రైతునకు చెల్లించు పద్ధతి యందు గలదు. మనము ముందు చెప్పుకొన్న రెండవ పరీక్షను జ్ఞాపకము చేసికొనుడు. వాదములో రెంటని చెప్పిన ప్రభుత్వమే ఆచరణములో టాక్సని యొప్పుకొనినది!

అయినను తగవు తీరలేదు. రమేశచంద్రదత్తుగారు 1900లో కర్జను ప్రభువునకు బహిరంగ లేఖలు వ్రాసి, శిస్తుల భారమే కరవులకు కారణమనిరి. 1902లో ప్రభుత్వము దీర్ఘమైన తీర్మానముతో బదులు చెప్పెను. భూమి పద్ధతులను గూర్చి 1892లో మూడు సంపుటములు వ్రాసిన బేడెన్ పవెలు ఈ రెంటు టాక్సుల తగవు ఫలములేని మాటల పోరాటమని త్రోసివేసెను. 1924లో నియమింపబడిన పన్నుల విచారణసంఘమువారికిని ఈ విషయమున ఏకాభిప్రాయము కుదరలేదు. బేడెన్ పవెలుగారి పాండిత్యమును గౌరవించుచునే, ఆయన తీర్పును అంగీకరింపజాలను. మాటల పోరాటమున ఫలములేనిది పండితునకు గావచ్చును. జమీందారీ రైతున కది కూటి పోరాటము.

ఎట్లనగా వినుడు. ఒకే కాలువ క్రింద గట్టున కిటుప్రక్క రైతువారీ గ్రామము, అటుప్రక్క జమీందారీ గ్రామము. నేల యొకటి, నీరొకటి, పంట యొకటి. ఇటువాడు చెల్లించునది ప్రభుత్వపు అసెస్‌మెంటు. అటువాడు చెల్లించునది రెంటు. 1865లో జమీందారుల వసూళ్లకై చేసిన చట్టము పేరే రెంటు వసూలు చట్టము. చీకటి జమీందారు వ్యాజ్యములో 1899న చెన్నపురి హైకోర్టువారు, జమీందారీ రైతు హక్కు జమీందారు ఇచ్చినది గాదనియు, అది స్వతస్సిద్ధమైనదనియు తీర్పు చెప్పిరి. ఆ తీర్పు త్రోవ తీయగా 1908లో ఎస్టేటు భూముల చట్టము వచ్చి రైతునకు స్థిరమైన సాగుహక్కు నిచ్చెను. హక్కు స్థిరపడినది గాని పేరు మారలేదు. చెల్లించున దింకను రెంటే. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గమున రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశముగారు అధ్యక్షులుగా ఒక సంఘము కూర్చుండి, 1938లో నివేదిక నిచ్చెను. భూమికి యజమాని రైతనియు, జమీందారు ప్రభుత్వపు రాబడిని వసూలు చేయువాడు మాత్రమే యనియు దాని సారము. మంత్రివర్గము 1939లో రాజీనామా నిచ్చుటచే పని నిలిచినది. 1947లో జమీందారీ శిస్తులను ఇరుగుపొరుగు రైతువారీ శిస్తులతో సరిచేయుటకు చట్టము వచ్చినది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టముచే గట్టున కిరుప్రక్కలను ఒకే పద్ధతి యేర్పడినది. 1802లో కాగితముపై నెక్కిన మాటను తుడుచుటకు నూటనలుబదియారేండ్లు పట్టినది.

స్వాతంత్ర్యోద్యమమునందును ఈ రెండు మాటలకు పెద్ద పాత్ర గలదు. 1922 మొదటి నెలలలో గుంటూరు మండలమున పెదనందిపాడు ప్రాంతపు రైతులు పన్నుల నిరాకరణము సాగించిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన తరువాత బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గము ఉద్యమమును నిలిపివేయుచు, ప్రభుత్వమునకు శిస్తు చెల్లింపవలసినదని రైతులకు చెప్పినది. అంతతో నాగక, జమీందారులకు రెంటు చెల్లింపక నిలుపుట కాంగ్రెసు తీర్మానములకు విరుద్ధమని వేరుగా పేర్కొనినది. టాక్సును నిరాకరించుట పాలకుని ధిక్కరించుట; రెంటును నిరాకరించుట సొత్తును ధిక్కరించుట. ఐర్లండులో 1881న భూసంఘమువారు రెంటు చెల్లింపవలదని ప్రకటన చేసినప్పుడు వారి యెదుట నున్నది భూస్వామి. మన నాయకులు ఈ భేదమును ఎరిగియే మాటను తూచి వాడిరి. జమీందారీ రైతులకు అది కష్టముగా తోచుటయు సహజమే.

నిజాము రాజ్యమున తెలంగాణములో దివానీ గ్రామముల రైతు సర్కారునకు చెల్లించెడివాడు, జాగీరు గ్రామముల రైతు జాగీర్దారునకు చెల్లించెడివాడు. 1949లో జాగీరులు రద్దైనవి. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులను గుర్తించి వారికి పత్రములిచ్చెను. ఆ పత్రములను బట్టి వ్యాజ్యము లాడిన కుటుంబములను మీలో పలువు రెరుగుదురు. అక్కడను ప్రశ్న యొకటే: తాత యిచ్చినది కౌలా, శిస్తా?

1950లో వచ్చిన మన రాజ్యాంగము ఈ చిక్కును ఎట్లు దాటినదో చూచిన ముచ్చట గొలుపును. ఏడవ అనుబంధమున రాష్ట్రముల జాబితాలో నలుబదియైదవ పద్దు భూమిశిస్తు. నలుబదితొమ్మిదవ పద్దు భూములపైనను కట్టడములపైనను పన్నులు. రెండును వేరువేరుగా నిలిచియున్నవి. రాజ్యాంగకర్తలు శిస్తును రెంటనలేదు, టాక్సుల వరుసలో కలుపలేదు. పాత పేరుతోనే ప్రక్కన కూర్చుండబెట్టిరి. అయితే శాసనము లేక ఏ పన్నును విధింపరాదని రెండువందల అరువదియైదవ అధికరణము చెప్పుటచేత, పాలకుడు తన యిష్టమువచ్చినట్లు వేయుటకు మాత్రము అడ్డుకట్ట పడినది.

ప్రభుత్వమునకును రైతునకును నడుమ నున్న తగవు ఇట్లు సద్దుమణగినది. కాని రెంటు అను మాట మన యూరు విడిచిపోయినదని తలపకుడు. అది చోటు మారినది. నాడు జమీందారు నిలిచిన చోట నేడు పట్టాదారు నిలిచియున్నాడు; ఎన్నో యూళ్లలో పట్టాదారు పట్టణమున, కౌలుదారు పొలమున. వరద వచ్చినను తెగులు వచ్చినను కౌలు కౌలే. కౌలుదారు చెల్లించునది పూర్తిగా రెంటు. అందులో సందేహము లేదు, పొలము తనదని అతడును అనుటలేదు. అతడడుగునది బ్యాంకులో అప్పు, పంటకు భీమా, నష్టమునకు పరిహారము. ఆంధ్రప్రదేశమున 2011లో సాగుదారులకు గుర్తింపుకార్డు లిచ్చుటకు ఒక చట్టమును, 2019లో పదునొకండు నెలల ఒడంబడికతో సాగుదారు హక్కుపత్ర మిచ్చుటకు వేరొక చట్టమును వచ్చినవి. రెండింటియందును యజమాని స్వామ్యమునకు భంగము లేదని స్పష్టముగా చెప్పినారు. అయినను కాగితముపై సంతకము చేయుటకు పట్టాదారులు జంకుచున్నారు. వారి జంకునకు మూలము మనము చెప్పుకొన్న చరిత్రయే. ఒకప్పుడు కాగితముపై మాట మారగా నేల చేతులు మారినదన్న జ్ఞాపకము ఊరికి పోలేదు.

అట్టి సందర్భమున ఊరి పెద్దలు చేయదగిన పని యొకటి గలదు. ఇరువురిని కూర్చుండబెట్టి, ఈ మూడు పరీక్షలను వారికి విప్పి చెప్పుడు. మొత్తమును ఒడంబడిక నిర్ణయించుచున్నది, చెల్లింపనిచో పొలము వదలుట తప్ప వేరు లేదు, అమ్ముకొను హక్కు కౌలుదారునకు రాదు. కావున ఇది రెంటు, పట్టాదారునకు భయము లేదు. ఆ మాటను దాచక స్పష్టముగా వ్రాసికొనినచో కౌలుదారునకు అప్పు పుట్టును, నష్టపరిహారము చేరును. మాటను వ్రాయక దాచుటవలన లాభపడున దెవరు? అధిక వడ్డీకి అప్పిచ్చువాడు తప్ప వేరెవరును గారు. మన పూర్వులను ముంచినది కాగితము గాదు, కాగితముపై తప్పుగా వ్రాసిన పేరు. సరియైన పేరుతో వ్రాసిన కాగితము ఉభయులకును గొడుగు.

స్వస్తి.